జెండా మనది, జట్టు ఎవరిది?



ఫెలోషిప్‌ల కోసం కొట్లాడుతున్న రోజుల్లో ఆటల గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరు అడిగారు. నేను మాట్లాడేది ఆస్తి గురించే.

ఢిల్లీ డైనమోస్ 2014లో పుట్టింది. 2019లో యజమానులు దాన్ని భువనేశ్వర్ తీసుకెళ్లి ఒడిశా ఎఫ్‌సీ చేశారు. అదే ఏడాది మొదలైన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి ఐఎస్ఎల్ ట్రోఫీ గెలిచింది. తర్వాత ఆటగాళ్లకు జీతాలు అందని స్థితికి చేరింది, చేతులు మారింది. 2025లో ఢిల్లీకి వచ్చి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. గచ్చిబౌలిలో స్టేడియం మాత్రం అక్కడే ఉంది. దాని పేరు బాలయోగిది, లోక్‌సభ తొలి దళిత స్పీకర్‌ది. మైదానం ప్రజలది, జట్టు యజమానిది. అభిమానికి రెండు నగరాల్లోనూ ఓటు లేదు.

క్రికెట్ చూడండి. జీఎంఆర్ 2008లో ఢిల్లీ ఐపీఎల్ జట్టును 8.4 కోట్ల డాలర్లకు కొన్నది. 2018లో సగం వాటాను 550 కోట్ల రూపాయలకు జేఎస్‌డబ్ల్యూకి అమ్మింది. టీవీ కంపెనీలు కొనేది ఆటతో పాటు జనం చూపును కూడా. ఆ చూపు మనది, దాని మీద పెరిగిన విలువ వాళ్లది.

వేరే దారి ఉంది. జర్మనీలో 50+1 నియమం ప్రకారం క్లబ్ ఓట్లలో మెజారిటీ సభ్యుల సంఘానిదే, ఒకట్రెండు మినహాయింపులు తప్ప. అమెరికాలో గ్రీన్ బే ప్యాకర్స్ 1923 నుంచి జనం షేర్లతో నడుస్తోంది. షేరుకు లాభం రాదు, కానీ జట్టు ఊరు దాటలేదు.

అయితే సభ్యుల క్లబ్ అనగానే చప్పట్లు కొట్టకండి. బొంబాయి జింఖానాలు కూడా సభ్యులవే. చమార్ కులంలో పుట్టిన పల్వంకర్ బాలూ 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశారు. అంతకుముందు పూనాలో తోటి హిందూ ఆటగాళ్లు పెవిలియన్‌లో టీ తాగుతుంటే, ఆయనకు బయట మట్టి పాత్రలో ఇచ్చారు. హిందూ జట్టు కెప్టెన్సీ ఆయనకు ఇవ్వలేదు. సభ్యత్వం ఎవరికి దొరుకుతుందన్నదే అసలు ప్రశ్న.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. ప్రభుత్వ స్టేడియం వాడుకునే ప్రతి జట్టుకూ షరతులు పెట్టాలి: కూలీ కూడా కట్టగలిగే సభ్యత్వ రుసుము, మనిషికి ఒక ఓటు, సభ్యుల అనుమతి లేకుండా ఊరు మారకూడదు, బోర్డులో ఎస్సీ, ఎస్టీ, బీసీలకూ మహిళలకూ స్థానాలు. 1949 నవంబర్ 25న బాబాసాహెబ్ రాజ్యాంగ సభలో హెచ్చరించింది దీని గురించే: రాజకీయాల్లో సమానత్వం, ఆర్థిక సామాజిక జీవితంలో అసమానత్వం ఎంతకాలం?

స్టేడియం గ్యాలరీ కూడా ఆ జీవితంలో భాగమే. జై భీమ్.