చరిత్రకు బొమ్మ వ్రాయువాని బాధ్యత
(రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమునకు వచ్చిన బాలుడు చరిత్ర పుస్తకము చేతికి తీసికొనగానే మొదట చదువడు, బొమ్మలు చూచును. బొమ్మలోని రాజు ఏ కిరీటము ధరించి యుండునో, ఆ కిరీటముతోనే వాని మనస్సున కలకాలము నిలిచిపోవును. పిమ్మట ఎన్ని పుటలు చదివినను ఆ ముద్ర సులభముగా చెరగదు. కావున చరిత్రకు బొమ్మ వ్రాయువాని బాధ్యత చరిత్ర వ్రాయువాని బాధ్యతకంటె తక్కువది కాదు.

ఒక విధముగ అది మఱింత కష్టమైనది. చరిత్రకారుడు తనకు తెలియని చోట ఊరకుండవచ్చును. రౌతు గుఱ్ఱమునెక్కి యుద్ధమునకు పోయెనని వ్రాసినచో వాక్యము పూర్తియైనది. చిత్రకారునకు ఆ వెసులుబాటు లేదు. జీను ఎట్టిది? కాళ్లు ఎక్కడ ఆనియున్నవి? కళ్లెమునకు పట్టీలెన్ని? వీనికన్నిటికిని సమాధానము దొరకినగాని బొమ్మ ముగియదు.

ఇట్టి ప్రశ్నలకు జీవితమంతయు ధారపోసిన చిత్రకారుడు ఆంగ్లదేశమున నొకడుండెను. ఆయన పేరు పీటర్ కానలీ. 1935లో జన్మించి 2012లో గతించెను. ఆయన చదివినది చిత్రకళ. వలచినది ప్రాచీన రోము, గ్రీసుల చరిత్ర. 1975లో రోమను సైన్యమును గూర్చి బాలురకొక పుస్తకము రచించెను. అందు మాటలును ఆయనవే, బొమ్మలును ఆయనవే. 1981లో గ్రీకు రోమను యుద్ధరీతులను గూర్చి వెలువరించిన పెద్ద గ్రంథమును పండితులు సైతము ఆదరించిరి. బొమ్మ వ్రాయుటకు ముందు ప్రాచీనుల ఆయుధములకు మాదిరులు చేసి, వానిని చేతబట్టి పరీక్షించుట ఆయన పద్ధతి. లెక్కలలో ప్రతి పద్దునకును రసీదు ఉండవలసినట్లు, బొమ్మలో ప్రతి రేఖకును ఆధారముండవలెననుట ఆయన పట్టుదల.

ఒక్క ఉదాహరణము చాలును. రోమను రౌతులు రికాబు నెఱుగరు. అంకవన్నె లేని జీనుపై కూర్చుండి ఈటె విసరుట, కత్తి ఝళిపించుట ఎట్లు సాధ్యమని పండితులు చిరకాలము సందేహించిరి. ఆ రౌతుల సమాధి శిలలపై జీనులకు కొమ్ములవంటివి చెక్కబడి యున్నవి. హాలెండులోని వాల్కెన్‌బర్గు త్రవ్వకములలో జీను తోలు బయల్పడినది. కొమ్ములకు సంబంధించిన కంచు రేకులు మఱికొన్ని చోట్ల లభించినవి. కానలీ ఈ మూడింటిని జోడించి, నాలుగు కొమ్ముల జీనును నిర్మింపజేసి, గుఱ్ఱముపై వేయించి పరీక్షించెను. ముందటి కొమ్ములు రెండును తొడలను అదిమిపట్టినవి. వెనుకటివి రెండును నడుమునకు ఆసరా యిచ్చినవి. రికాబు లేకున్నను రౌతు నిలుకడగా కూర్చుండగలిగెను. తోలు పరిశోధకురాలు కెరోల్ వాన్ డ్రీల్ మరేతో కలిసి 1991లో ఆయన ఈ విషయమును ప్రకటించెను. జీనులోపల కొయ్యచట్రము ఉండెనా లేదా అను వాదము పండితులలో లేకపోలేదు. ఐనను బొమ్మకొఱకు పుట్టిన ప్రశ్న చరిత్రకే క్రొత్త వెలుగు నిచ్చెననుట నిజము.

ఇది దూరదేశపు ముచ్చట యని తలపనక్కరలేదు. కృష్ణాతీరమున అమరావతి యున్నది. పదునెనిమిదవ శతాబ్ది చివర రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అచ్చట పట్టణము కట్టించునప్పుడు పాత దిబ్బలోని రాళ్లు కట్టడములకై తీయబడినవి. ఆ రోజులలోనే కాలిన్ మెకంజీ ఆ దిబ్బను చూచెను. 1816లో మఱల వచ్చి, చిత్రకారులను నియమించి, శిల్పఫలకములకు బొమ్మలు వ్రాయించెను. వారు విరిగిన పలకను విరిగినట్లే వ్రాసిరి. లేని ముఖమును ఊహించి అతికింపలేదు. ఆ పలకలలో పెక్కు తరువాత కనబడకపోయినవి. రాయి పోయినది, కాగితము మిగిలినది! ఆ కాగితములు నేటికిని లండనులోని బ్రిటిష్ గ్రంథాలయమున భద్రముగనున్నవి. వారు బొమ్మ అందముకొఱకు ఒక్క రేఖ కల్పించియున్నను, ఆ సాక్ష్యమును సరిచూచుటకు నేడు రాయి లేదు.

ఇప్పుడు కుంచె చేయు పనిని కంప్యూటరు కూడ చేయుచున్నది. క్రీ.శ. 320 నాటి రోము నగరమును కంప్యూటరున నిర్మించు ప్రయత్నము 1996లో ప్రారంభమై, 2007లో రోములోనే ప్రదర్శింపబడినది. వీధులు, దేవాలయములు, సౌధములు ఎదుట నిలిచినట్లు తోచును. ఈ విద్యలో గొప్ప సౌకర్యమొకటి కలదు: క్రొత్త ఆధారము దొరకినచో బొమ్మనంతయు తిరుగ వ్రాయక, తప్పిన గోడను మాత్రము దిద్దవచ్చును. గొప్ప ప్రమాదమును కలదు: తెలిసిన గోడయు, ఊహించిన గోడయు ఒకే నిగనిగతో మెఱయును, చూపరికి భేదము తెలియదు. ఇందువలననే 2006లో పండితులు కొందఱు లండను నియమావళి యను పేర కొన్ని సూత్రములు కూర్చిరి. ఏ భాగమునకు ఏ ఆధారమో, ఏ భాగము ఊహయో వ్రాసి యుంచవలెననుట అందలి ముఖ్యాంశము. రసీదు లేని పద్దును రసీదు లేనిదిగా చూపుట నేరము కాదు. ఉన్నట్లు చూపుటయే నేరము.

ఈ గ్రామమున చరిత్రపై మక్కువగల చిన్నవాడు రేపు కుంచె పట్టునో, కంప్యూటరు ముందు కూర్చుండునో చెప్పలేము. వాని కోరిక పెద్దలకు కాలక్షేపముగా కనబడవచ్చును. వానిని అదలింపక, బొమ్మ చూపినప్పుడెల్ల "నాయనా, దీనికి ఆధారమేమి?" అని ప్రీతితో అడుగుడు. ఆ ప్రశ్న వానిని మరల ఈ గ్రంథాలయపు బీరువా యొద్దకే నడిపించును. అచ్చట వానికి కావలసిన పుస్తకము దొరకవలెను. ఇరువదియైదేండ్లు నిండిన ఈ సంస్థ మీద గ్రామస్థులకు మిగిలియున్న బాకీ అదియే.

స్వస్తి.