కొండసీమ మెడలలోని వెండి రూపాయలు



డాలరనగా మన వాడుకలో రెండర్థములు గలవు. ఒకటి పరదేశపు నాణెము, రెండవది గొలుసునకు వ్రేలాడు బిళ్ళ. అరకులోయలో వెండి రూపాయియే బిళ్ళ అయినది. అచ్చటి గిరిజన స్త్రీలు పాత రూపాయలకు చెవులతికించి, వరుసగా గ్రుచ్చి, పేరుగా ధరించెడివారు. నేటికిని కొన్ని ఇండ్లలో అవి నిలిచియున్నవి.

ఈ రూపాయి సరిగా తులమెత్తు, అనగా సుమారు 11.66 గ్రాములు. పండ్రెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు మేలిమి వెండి. 1835 మొదలు 1939 వరకు ఈ మేలిమి మారలేదు. 1940లో వెండి సగమునకు తగ్గెను. 1947లో నికెలు రూపాయి వచ్చెను. కనుక మెడలోని పేరు అలంకారమే గాక, కరవునాటికి దాచిన ధనము కూడ.

ఇక అచ్చుల భేదములు చూడుడు. 1840 నాటి విక్టోరియా రూపాయి రెండు తెఱగులు: ఒకదానిపై రాణి పేరు తలమీదుగా ఏకముగా సాగును, వేఱొకదానిపై తలకిరువైపుల చీలును. 1862 అను సంవత్సరమునే పెక్కేండ్లు మార్పక ముద్రించిరి. కావున బొమ్మయు బొరుసును రెండును పరిశీలింపవలెను. 1877 మొదలు రాణి అను మాట పోయి చక్రవర్తిని అను మాట వచ్చెను. ఏడవ ఎడ్వర్డు తలపై కిరీటము లేదు. 1911 నాటి అయిదవ జార్జి రూపాయిలో, రాజు వస్త్రముపైని చిన్న ఏనుగు పందివలె నున్నదని జనులు ఆక్షేపింపగా, 1912లో ఆ అచ్చును దిద్దిరి.

ఇది మన సీమకే పరిమితము కాదు. ఆస్ట్రియా రాణి మరియా థెరీసా వెండి డాలరును ఆమె మరణించిన 1780 సంవత్సరముతోనే తరువాతి కాలమునను ముద్రించుచు వచ్చిరి. ఇథియోపియా స్త్రీలు దానిని మెడలో ధరించిరి.

పాతవెండి కొనువాడు తక్కెడ నెరుగును గాని అచ్చు నెరుగడు. మూసలో కరగినచో 1840 యేమి, 1911 యేమి, అంతయు ఒక్క ముద్దయే. చెవి అతికించిన నాణెమునకు సేకర్తలు వెల తగ్గింతురు. కాని ఆ అతుకే అది ఒక ఇంట నిలిచినదనుటకు సాక్ష్యము.

కావున సేకరణ యనగా ఇతరుల మెడనుండి ఊడదీయుట కాదు. నాణెమును చింతపండుతో తోమరాదు. పలుచని కాగితముంచి పెన్సిలుతో రుద్దిన అచ్చు దిగును. ప్రక్కన సంవత్సరము, అది ఎవరినుండి ఎవరికి సంక్రమించెనో వ్రాయవలెను. అట్టి పుస్తకమొకటి గ్రంథాలయమున నుండినచో, నాణెము ఇంటివారిదై నిలుచును. దాని కథ ఊరందరిదగును.