కరెంటు పోయినా చెదరని లెక్క
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మీ వృత్తిలోంచి పిల్లలకు పనికొచ్చే సంగతి ఒకటి చెప్పమని సంఘం పెద్దలు అడిగారు. ముప్పై ఏళ్లుగా నేను సి భాషలో చిన్న యంత్రాలకు ప్రోగ్రాములు రాస్తున్నాను. అందుకే రోజూ వాడే పనిముట్టు గురించే చెబుతాను. దాని పేరు ఎస్‌క్యూలైట్. పేరు విననివాళ్లే ఎక్కువ. కానీ ఆండ్రాయిడ్ అయినా, ఐఫోన్ అయినా, మీ జేబులోని ఫోనులో అది ఉంది.

మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా రొయ్యల గుంటలు మీకు తెలిసినవే. రాత్రిపూట నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇవ్వదు, పైగా తానే వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళ ఏరేటర్లు ఆగితే రైతు అప్పు చేసి వేసిన పంట గంటల్లో పోతుంది. మేం గట్టున పెట్టే మీటరు పది నిమిషాలకోసారి ఆక్సిజన్ కొలిచి రాసుకుంటుంది. చిక్కేమిటంటే, గాలివాన రాత్రి కరెంటూ పోతుంది, సిగ్నలూ పోతుంది. ఎక్కడో ఉన్న సర్వరును నమ్ముకుంటే ఆ రాత్రి లెక్క గల్లంతే.

ఎస్‌క్యూలైట్ పుట్టిందీ ఇలాంటి చిక్కులోనే. డి. రిచర్డ్ హిప్ అమెరికా యుద్ధనౌకలో వాడే ప్రోగ్రాము మీద పనిచేస్తుండేవారు. డేటాబేస్ సర్వరు ఆగితే ఆయన ప్రోగ్రామూ ఆగిపోయేది. అసలు సర్వరే అక్కర్లేని డేటాబేసు ఎందుకు ఉండకూడదనుకుని, 2000లో దీన్ని విడుదల చేశారు. ఇది మన సి ప్రోగ్రాములో కలిసిపోయే లైబ్రరీ. కంపైల్ చేస్తే ఒక మెగాబైటు లోపే ఉంటుంది. పట్టికలన్నీ ఒకే ఫైలులో ఇముడుతాయి. మీటరులోని ఫైలును కాపీ చేసి ఏ కంప్యూటరులో పెట్టినా అలాగే తెరుచుకుంటుంది.

మరి రాస్తుండగానే కరెంటు పోతే? నమ్మకమైన గుమాస్తా ఏం చేస్తాడు? పద్దు దిద్దేముందు పాత అంకెను చీటీ మీద రాసుకుంటాడు. కొత్త అంకె పూర్తిగా రాశాకే చీటీ చింపుతాడు. ఎస్‌క్యూలైట్ కూడా అంతే. చీటీ ఇంకా మిగిలి ఉందంటే పని సగంలో ఆగిందని అర్థం. మళ్లీ తెరిచినప్పుడు చీటీ చూసి పాత అంకెనే నిలబెడుతుంది. సగం రాసిన లెక్క ఎప్పుడూ మిగలదు. అయితే ఒక షరతు: రాయకుండానే ‘రాశాను’ అని చెప్పే నాసిరకం మెమొరీ కార్డు వాడితే ఏ లైబ్రరీ కాపాడలేదు. ఇంకో పరిమితి, ఒక ఫైలులో ఒకేసారి ఒకరే రాయగలరు. రైల్వే రిజర్వేషన్ లాంటి పనికి ఇది తగదు.

పిల్లలూ, మీరు గుర్తుంచుకోవలసింది ఇది. 2023 లెక్క ప్రకారం ఈ లైబ్రరీ కోడు సుమారు 1,56,000 లైన్లు. దాన్ని పరీక్షించే కోడు అంతకు 590 రెట్లు! కరెంటు మధ్యలో పోయినట్టు నటించి చూసే పరీక్షలూ అందులో ఉన్నాయి. అంత కష్టపడి చేసినదాన్ని హక్కులేవీ ఉంచుకోకుండా లోకానికి వదిలేశారు. కోడు మీరు కూడా చదవవచ్చు. మన ల్యాబులో చదివించమని మాస్టార్లను కోరుతున్నాను.

చివరగా సంఘానికి ఒక మనవి. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను మనలో చాలామందికి గుర్తే. ఉప్పుగాలికి, చెదలకు, వానకు కాగితం ఆగదు. యాభై ఏళ్ల అడ్మిషన్ రిజిస్టర్లు మన బీరువాలో ఒకే ఒక్క ప్రతిగా ఉన్నాయి. వాటిని ఎస్‌క్యూలైట్ ఫైలులోకి ఎక్కించి, మూడు ఊళ్లలో మూడు ప్రతులు భద్రపరుద్దాం. అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ డేటా దాచడానికి సిఫారసు చేసిన రూపాల్లో ఇదీ ఒకటి. దీన్ని 2050 దాకా పోషించాలన్నది తయారీదారుల సంకల్పం. ఇవాళ్టి పదో తరగతి పిల్లలకు అప్పటికి నడివయసు వస్తుంది. వాళ్ల పేర్లు వాళ్ల పిల్లలు వెతికితే దొరకాలి.

ఎక్కించే పనికి నా ఆదివారాలు నేనిస్తాను. తోడు రాదలచినవారు సభ అయ్యాక నన్ను కలవండి. సెలవు.