అప్పు – రాజ్యరహస్యము



దేవాలయపు నగలపెట్టె తాళములు ఒకని కప్పగించునపుడు, అతనికి బాకీలున్నవేమో యని మీరు విచారింపరా? రాజ్యరహస్యములు చూడవలసిన ఉద్యోగిని గూర్చి అమెరికా ప్రభుత్వమును అట్లే విచారించును. 2017 నుండి అమలులోనున్న అచ్చటి నిబంధనలలో ఋణవిషయమునకు ప్రత్యేక ప్రకరణమే కలదు.

కారణము వినుడు. సి.ఐ.ఏ. యను ఆ దేశపు గూఢచారిశాఖలోని ఆల్డ్రిచ్ ఏమ్స్ అప్పులబాధచే 1985లో సోవియట్ వారికి రహస్యములు విక్రయించి, మొదట 50,000 డాలర్లు పుచ్చుకొనెను. అతడు పేర్లు బయలుపెట్టిన వారిలో పలువురు ప్రాణములు గోల్పోయిరి. 1994లో పట్టుబడి యావజ్జీవ కారాగారశిక్ష నొందెను.

అయినను, అప్పున్నంత మాత్రమున అనర్హత కలుగదు. వ్యాధివలననో, ఉద్యోగము పోవుటవలననో అప్పులపాలై, ఋణదాతతో మాటలాడుకొని వాయిదాల ప్రకారము తీర్చుచున్నవానిని మన్నించుటకు అవకాశము కలదు. శక్తి యుండియు తీర్చనివానిని, దరఖాస్తులో బాకీని దాచినవానిని శంకింతురు.

మీ బిడ్డలు అక్కడ పౌరులై యట్టి యుద్యోగము కోరినచో, వారికి చెప్పుడని నేను వేడునది యొక్కటే: అప్పును దాచవలదు; నేడే తీర్చ నారంభింపవలెను.