కనుమదారిలో సైకిల్ జట్టు



హిమాలయములలో మనాలి నుండి లడఖ్‌లోని లేహ్ పట్టణము వరకు దాదాపు 470 కిలోమీటర్ల కొండబాట కలదు. జూను మొదలు సెప్టెంబరు వరకు, మంచు తొలగియుండు కొద్ది నెలలలో, సైకిల్ యాత్రికులు జట్లుగా ఆ బాటను దాటుచుందురు. దారిలో రోహ్‌తాంగ్, బారాలాచా లా, లాచులుంగ్ లా, తంగ్‌లంగ్ లా అను పెద్ద కనుమలు ఎదురగును. ‘లా’ యనగా టిబెటు భాషలో కనుమ. 2020లో రోహ్‌తాంగ్ క్రిందుగా అటల్ సొరంగము తెరవబడినను, 3,978 మీటర్ల ఆ పాతదారిని ఎక్కువారు నేటికిని కలరు. తుదిదైన తంగ్‌లంగ్ లా ఎత్తు 5,328 మీటర్లు.

ఇట్టి యాత్రలో చేరగోరువాడు మొదట తన కాళ్ల బలమును చూచుకొనును. అది అవసరమే; కాని అంతకంటె ముఖ్యముగా తలపోయవలసినది గాలిని గూర్చి. ఎంత ఎత్తునకు పోయినను గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్లే యుండును. అయినను గాలి ఒత్తిడి తగ్గుటచే ఒక్కొక్క ఊపిరితో లభించునది తగ్గిపోవును. తంగ్‌లంగ్ లా పైన అది సముద్రతీరమున లభించు దానిలో ఇంచుమించు సగమే. దీనికి దేహము అలవాటుపడుటకు దినములు పట్టును. కండబలము గల యువకునకును ఈ గడువు తప్పదు. బలమున్నదని త్వరపడువాడే ముందుగా జబ్బుపడవచ్చును.

అందుచేత 3,000 మీటర్లు దాటిన పిమ్మట, నిద్రించు చోటి ఎత్తును దినమునకు 500 మీటర్లకు మించి పెంచరాదనియు, మూడు నాలుగు దినముల కొకసారి విశ్రమింపవలెననియు వైద్యులు చెప్పుదురు. దార్చా గ్రామమునకును సర్చూ గుడారములకును నడుమ ఎత్తులో దాదాపు 950 మీటర్ల తేడా కలదు. ఆ రెంటి నడుమ ఒక రాత్రి ఆగుట సోమరితనము కాదు, వివేకము.

తలనొప్పి, వికారము, నిద్రలేమి తొలి గుర్తులు. ఒంటరివాడు వీనిని అలసట యని భ్రమపడవచ్చును. జట్టులోనైనచో, తోడివాని తడబడు నడకను, తికమక మాటను ఇతరులు గుర్తింతురు. కాని జట్టునందే మరియొక అపాయము కూడ కలదు. వెనుకబడినచో నవ్వుదురను సిగ్గుచే కొందరు రోగమును దాచుదురు. అది ముదిరి ఊపిరితిత్తులలో నీరు చేరినను, మెదడు వాచినను ప్రాణాపాయము. అప్పుడు వెంటనే క్రిందికి దింపుటే ముఖ్య చికిత్స. మందులును ప్రాణవాయువును దానికి తోడు మాత్రమే.

కనుక చేరబోవువాడు రుసుము చెల్లించుటకు ముందే నాయకుని అడుగవలసినవి కొన్ని కలవు: విశ్రాంతి దినములెన్ని? వెంట బండియు, ప్రాణవాయువు సిలిండరును ఉండునా? ఒకడు జబ్బుపడినచో వానితో క్రిందికి దిగువారెవరు? ఈ కడపటి ప్రశ్నకు స్పష్టమైన జవాబు లేని జట్టులో చేరకుండుటయే మేలు.

చేరిన పిమ్మట, అందరికంటె మెల్లగా ఎక్కువాని వేగమే జట్టు వేగము కావలెను. “నాకు తలనొప్పిగా నున్నది” అని సకాలమున చెప్పువాడు జట్టునకు భారము కాడు; వాడు తన ప్రాణమును, తోడివారి యాత్రను కూడ కాపాడినవాడగును.