పడవను లాగే బండి

అమెరికాలో వేసవి వస్తే పెద్ద ఎస్‌యూవీల వెనక ట్రెయిలర్లెక్కి పడవలు సరస్సులకు బయలుదేరతాయి. 2018 ఫోర్డ్ ఎక్స్‌పెడిషన్ తగిన అమరికలుంటే 9,300 పౌండ్లు, అంటే సుమారు 4,200 కిలోలు లాగగలదు. ఆ అంకె చూసి మురిసిపోకూడదు. పడవతో పాటు ట్రెయిలర్, సామాను, ఇంధనం అన్నీ లెక్కలోకి రావాలి. 200 లీటర్ల పెట్రోలే దాదాపు 150 కిలోలు!

అసలు కీలకం బండి కొక్కెం మీద పడే భారం. చాలా ట్రెయిలర్లకు మొత్తం బరువులో అది 10 నుంచి 15 శాతం ఉండాలి. ఎడ్లబండి తోలినవారికి తెలుసు, వెనక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుంది. ఇక్కడైతే కొక్కెం మీద భారం తగ్గి, ట్రెయిలర్ పాములా ఊగి, ముందున్న బండినీ ఊపేస్తుంది. అప్పుడు బ్రేకు గట్టిగా తొక్కకూడదు. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగు తిన్నగా పట్టుకుని, ట్రెయిలర్ బ్రేకు ఒక్కటే మెల్లగా వేయాలి.

అమెరికాలో ఉన్న మీ పిల్లలకు చెప్పండి, నిండు బరువుతో ఒకసారి కాటా వేయించాకే రోడ్డెక్కమని.