రికార్డు రూమ్‌లో ఒంటరిగా వదలకండి

ఆర్కైవ్స్, రికార్డుల నిర్వహణలో ఇవాళ పట్టాలు అందుకున్న మీకు హృదయపూర్వక అభినందనలు.

కంపెనీలో కుంభకోణం బయటపడితే అందరి చూపూ ముందు పడేది రికార్డు రూమ్ మీదే. అక్కడ చిక్కుకున్న మీ తోటివాళ్ల గురించే ఈ నాలుగు మాటలు.

2001 అక్టోబరులో అమెరికాలో ఎన్రాన్ కంపెనీ లెక్కల మోసం గుట్టు రట్టవుతున్న వేళ, దాని ఆడిటర్ ఆర్థర్ ఆండర్సన్ సిబ్బందికి ఒక మెయిల్ అందింది. రికార్డుల నిబంధనలు పాటించమని గుర్తుచేసే మామూలు మెయిల్. కొద్దిరోజులకే హ్యూస్టన్ ఆఫీసులో ఫైళ్లు కట్టలకొద్దీ ముక్కలయ్యాయి. 2002లో జ్యూరీ సంస్థను దోషిగా తేల్చింది. జ్యూరీకిచ్చిన సూచనలు తప్పంటూ 2005లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అప్పటికే సంస్థ కుప్పకూలింది. అమెరికాలో ఆ సంస్థకున్న సుమారు 28 వేల మంది ఉద్యోగుల్లో అత్యధికులకు ఎన్రాన్‌తో సంబంధమే లేదు.

మన హైదరాబాదులో 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ లెక్కల మోసాన్ని ఒప్పుకుంటూ రాసిన లేఖ బయటికొచ్చినప్పుడూ అంతే. సుమారు 50 వేల మంది ఉద్యోగులు తలదించుకోవాల్సి వచ్చింది. 2015లో శిక్ష పడింది పదిమందికి. దొంగ ఇన్‌వాయిస్‌ల జాడ కంపెనీ కంప్యూటర్లలోనే దొరికింది. చెరిపేయని రికార్డే నిర్దోషికి రక్ష.

అలా చిక్కుకున్న తోటివాళ్లకు తోడు నిలవడమంటే తప్పు కప్పిపుచ్చడం అనుకోకండి. దర్యాప్తు రాబోతోందని తెలియగానే పాత ఫైళ్ల తొలగింపు ఆపించండి. చింపేయమని నోటిమాటగా చెప్పిన అధికారిని రాసివ్వమని అడగడానికి ఒక్క గుమాస్తాకు ధైర్యం చాలదు. మీరు పక్కన నిలబడండి. కంపెనీ లాయరు కంపెనీ మేలే చూస్తాడు. మీ సహోద్యోగికి సొంత లాయరు కావాలి. ఫీజు కట్టలేకపోతే తలా కొంత వేసుకోండి. వాంగ్మూలంలో ఏం చెప్పాలో మాత్రం నేర్పకండి. తప్పు చేసినవాడైతే, నిజం ఒప్పుకోవడానికి వెళ్లేటప్పుడు కూడా వెంట వెళ్లండి. కేసులు ఏళ్లు సాగుతాయి. పేపర్లు మరిచిపోయాక కూడా ఆ ఇంటికి వెళ్తూ ఉండండి.

మీ బ్యాచ్ అంతా ఇవాళే ఒక మాట అనుకోండి: మనలో ఎవరికి ఆపద వచ్చినా ఫోన్ ఎత్తే మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషి మీరే కావాలి. మీకు శుభం కలగాలి.